అబద్ధానికి ఆగే బండి

నేను ఏ వస్తువు విప్పి తిరిగి బిగించినా ఒకటో రెండో మరలు మిగులుతాయి. మా ఇంట్లోవాళ్లు దాన్ని చేతకానితనం అంటారు. నేను పొదుపు అంటాను. కంపెనీవాడు అన్నేసి మరలు పెట్టి నడిపేదాన్ని రెండు తక్కువతో నడిపిస్తున్నానంటే, ఆ రెండూ దేశానికి మిగిల్చినట్టే కదా. ఎవరి దగ్గరా నేర్చుకోకుండానే ఈ సుగుణం నాకు అబ్బింది. అలా మిగిల్చినవన్నీ ఓ ఊరగాయ జాడీలో వేసి దాచాను. చుట్టాలొస్తే చూపిస్తాను.

ఈ లెక్కన శృంగవరపుకోటలో మోటార్లు చుట్టే జగన్నాధం నాకు గురువు. అతని దగ్గర జాడీ కాదు, గోనెసంచి ఉంది.

అందరూ కోట అని పిలిచే ఆ ఊరి చివర, అరకు వెళ్లే రోడ్డుకి పైన, ఓ మిట్ట మీద అతని ఇల్లు. ఇంట్లో అతనూ, భార్య తాయారూ, ఇద్దరే మనుషులు. పొద్దున్నే తాయారు పులిసిన సోడిపిండి, అంటే రాగిపిండి, కలిపి అంబలి కాచేది. జగన్నాధం ఉల్లిపాయలు తరిగేవాడు, తరుగుతూ కరెంటు గురించి ఉపన్యాసం ఇచ్చేవాడు. ఆమె ఊఁ కొట్టేది. అంబలి చల్లారాక మజ్జిగ కలిపి, తపేలా నెత్తిన పెట్టుకుని మిట్ట దిగి, సంత వీధి మలుపులో కూర్చునేది. కూలికెళ్లే ఆడవాళ్లు, గంపలు దించిన రైతులు, డ్యూటీ ఎక్కబోయే బస్సు డ్రైవర్లు వరసగా వచ్చి లోటాలు పట్టుకు నిలబడేవారు. ఎండ ముదరకముందే తపేలా బోర్లించేసేది. పక్కన ఉల్లిపాయలమ్మే రాణికి అదొక్కటే కడుపుమంట.

పోయిన వానల్లో మిట్ట దిగుతూ తాయారు జారిపడింది. తుంటి విరిగింది. ఆపరేషను చేసి లోపల రాడ్డు వేశారు గానీ, ఎడమకాలు మాట వినడం మానేసింది. కర్ర పట్టుకుని ఇంట్లో నాలుగడుగులు వేయగలదు, అంబలి కాచగలదు. మిట్ట దిగలేదు.

చీపురుపల్లి నుంచి ఆమె అన్న గణపతిరావు వచ్చి, మా ఇంటికొచ్చీ, వెనక వసారాలో మంచం ఏయిస్తాను, కూకుని వేరుశనక్కాయలు ఒలుసుకో, కాలక్షేపంగా ఉంటాది అన్నాడు. ఆ వసారా సంగతి తాయారుకి తెలుసు. అన్నగారి అత్త అక్కడే కాయలు ఒలిచింది. ఆవిడ పోయాక కళ్లు కనబడని మేనత్త ఒలిచింది. ఆ వసారాలోకి వెళ్లినవాళ్లు మళ్లీ వీధిలోకి రావడం ఆమె చూళ్లేదు. అన్న బస్సెక్కగానే మొగుడితో అంది:

“నన్ను సంత మలుపు దాకా దింపగలిగితే సాలు బావా. మిగతాది నాను సూసుకుంటాను. మలుపు పోయిందంటే నాకు వసారాయే.”

జగన్నాధం ఛాతీ విరుచుకున్నాడు. బ్యాటరీ బండి చేస్తానన్నాడు.

అన్నట్టు తాయారు గురించి ఒక మాట చెప్పాలి. ఊళ్లో అందరికీ తెలిసిందే గనక ఎవరూ పనిగట్టుకుని చెప్పరు. ఆమెతో ఎవరైనా అబద్ధమాడితే ఆమె బరువెక్కుతుంది. పుట్టినప్పట్నుంచీ అంతే. చేటలో పడుకోబెట్టినప్పుడు వాళ్ల నాయనమ్మ మనవరాలి మొహంలోకి వంగి, ఆడపిల్లవైతేనేమే, మాకు ఎవరైనా ఒకటే అందిట. చేట అడుగు ఊడిపోయింది. చంటిపిల్లగా ఉన్నప్పుడు ఎత్తుకునేవాళ్లు మాట జాగ్రత్తగా మాట్లాడేవారు. మేనరికం గనక పెళ్లిచూపులు లేవు, మంచాలు బతికిపోయాయి. పెళ్లినాడు ‘నాతిచరామి’ అనేచోట పీట కిర్రుమంది గానీ, అందరూ వడ్రంగిని తిట్టుకుని ఊరుకున్నారు.

ఒకరికి వంకాయ పడదు, ఒకరికి దుమ్ము పడదు, తాయారుకి అబద్ధం పడదు. అంతే. ఓట్లప్పుడు చేతులు జోడించుకుని వచ్చే పెద్దమనుషులు ఆ ఇంటి ముందుకి రాగానే నోరు మూసుకుని దండం పెట్టి దాటిపోయేవారు. సంతలో తూకం దగ్గర తగువొస్తే ఆమెని ఓ పాత బల్ల మీద కూర్చోబెట్టి ఇద్దరి చేతా మాట చెప్పించేవారు. అబద్ధమాడినవాడే తన నోటితో నిజం చెబితే బరువు అక్కడికక్కడే దిగేది. లేకపోతే మర్నాడు తెల్లారాకే. బరువెక్కినప్పుడు ఆమెకి కీళ్లు లాగేవి. ఆ సంగతి ఆమె చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ఇక బండి. తోపుడుబండి చక్రాలు నాలుగు, ఇనప యాంగిల్సు, లారీలోంచి తీసిన బ్యాటరీలు రెండు, తుక్కుకొట్లో దొరికిన డీసీ మోటారు ఒకటి, ఓ గొలుసు. ముందు తాయారు కూర్చోడానికి చెక్క, ఆమె కాళ్ల దగ్గర తపేలా కదలకుండా ఇనప చుట్టు, వెనక తను నిలబడడానికి పలక. ఆపడానికి సైకిలు బ్రేకు. జగన్నాధం దృష్టిలో బ్రేకు అనేది మోటారుని అవమానించడం, అందుకని దాన్ని మొక్కుబడిగా బిగించాడు.

మొదటిరోజు స్విచ్చు నొక్కాడు. బండి కట్టుతెంచుకున్న దూడలా ఉరికింది. తాయారు తపేలాని కావలించుకుంది. మలుపులో బండి రాణి ఉల్లిపాయల గుట్ట ఎక్కి ఆగింది. అంబలి సగం తాయారు ఒళ్లో, సగం ఉల్లిపాయల మీద.

“ఏటి బావా ఇది,” అంది తాయారు చీర పిండుకుంటూ. “సంత మలుపుకి తీసుకెల్లమన్నాను గానీ ఇజీనగరం తీసుకెల్లమన్నానా?”

“జోరు తగ్గించడం ఓ లెక్కా,” అన్నాడు జగన్నాధం.

లెక్కే అయింది. ఒక బ్యాటరీ తీసేశాడు. బండి నెమ్మదించింది, కానీ తిరుగుదారిలో మిట్ట ఎక్కనంది. అతను వెనకనుంచి తోసుకుంటూ వచ్చాడు. మళ్లీ రెండో బ్యాటరీ తగిలించి, కరెంటు దారికి అడ్డంగా పాత హీటరు చుట్ట పెట్టాడు. వేగం తగ్గింది గానీ చుట్ట ఎర్రగా కాలి తాయారు చీర కొంగు అంటుకుంది. నెమ్మది చెయ్యమంటే పొయ్యి చేశావేటి అందామె. ఆ తర్వాత అతనికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఇంట్లో ఫ్యాను రెగ్యులేటరు ఊడదీసి బండికి బిగించాడు. ఇంటి కరెంటు గుణం వేరు, బ్యాటరీ కరెంటు గుణం వేరు. జగన్నాధానికి ఆ తేడా తెలుసు, కానీ ఆ రెండూ తన చేతిలో రాజీపడతాయని నమ్మాడు. బిళ్ల తిప్పితే ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు మారాయి. వేగం మారలేదు. ఇంట్లో ఫ్యాను మాత్రం ఆ రోజునుంచి ఐదులోనే తిరుగుతోంది.

తాయారు అక్క రాజకుమారి ఇల్లు సంత వెనక సందులో. ఆవిడ కొడుకు రమేష్‌బాబు బస్టాండు పక్క షెడ్డులో బ్యాటరీ ఆటోలు బాగుచేస్తాడు. వాడోసారి బండి చుట్టూ తిరిగి చూశాడు.

“బాబాయ్, దీనికి కంట్రోలరని ఉంటాది. కరెంటుని ఉల్లిపాయ తరిగినట్టు తరిగి మోటారుకి పెడతాది. సన్నగా తరిగితే నెమ్మది, లావుగా తరిగితే బేగి. నా కాడ ఒకటున్నాది, గంటలో బిగించీగలను.”

జగన్నాధం నవ్వాడు. “నువ్వు పుట్టకముందునుంచీ మోటార్లు సుడతన్నాన్రా. నాకు నువ్వు సెప్తావేటి? ఉల్లిపాయలు తరగడమైతే నాకూ వచ్చును.”

రమేష్‌బాబు పిన్ని మొహంలోకి చూసి వెళ్లిపోయాడు.

ఆ మర్నాడే జగన్నాధానికి దారి దొరికింది. మిట్ట దిగుతుంటే బండి ఎప్పట్లాగే ఉరుకుతోంది. డాక్టరు అతన్ని నూనె మానమన్నాడు గనక తాయారు తలతిప్పకుండానే అడిగింది, నిన్న సాయంత్రం బజ్జీలు తిన్నావా అని. నేదే అన్నాడు. మోటారు గొంతు తగ్గింది. బండి పెళ్లి ఊరేగింపులా మెల్లగా, ఒక్క కుదుపు లేకుండా మలుపు దాకా వెళ్లి ఆగింది.

ఎవరైనా అయితే సిగ్గుపడేవారు. జగన్నాధం ఎగిరి గంతేశాడు. ఎన్నాళ్లుగానో వెతుకుతున్న రెగ్యులేటరు తన నోట్లోనే ఉంది మరి.

వారం తిరక్కుండా అతనికి చెయ్యి కుదిరింది, అంటే నోరు. చదును దారికి బజ్జీల అబద్ధం చాలు. మిట్ట దిగడానికి ‘మీ అన్నంటే నాకు ప్రాణం’ కావాలి. సంత వీధిలో జనం మధ్యనుంచి పోవాలంటే ‘పని బ్రహ్మాండంగా ఉన్నాది’ సరిపోయేది. అబద్ధాలన్నీ తాయారుకి తెలుసు. తెలిసినా తెలియకపోయినా బరువు బరువే. ఊళ్లోవాళ్లు చూసి, జగన్నాధం స్పీడు కంట్రోలు కనిపెట్టీసాడన్నారు. ఎలాగని అడిగితే వేలితో కణత మీద కొట్టి చూపించేవాడు.

ఒక్కసారి తప్పింది. సంత వీధిలో బండి జోరు మీదుంటే, కొత్తది వాడదామని, “నీ అంబలంత రుసి ఈ సుట్టుపక్కల ఎక్కడా నేదు” అన్నాడు. బండి రవ్వంత కూడా తగ్గలేదు. దూసుకుపోయి ఓ గేదె పొట్టకి తగిలి ఆగింది. జగన్నాధం దిగి గొలుసు చూశాడు, నూనె ఎక్కువైందని తేల్చాడు. తాయారు మాత్రం ఆ పూటంతా నవ్వుతూనే ఉంది. అడగకుండానే అందరికీ అర గరిటె ఎక్కువ పోసింది.

“ఏటప్పా అంత కులాసా?” అంది రాణి.

“నా అంబలి బాగుంటాదంట,” అంది తాయారు. “బండి ఆగనేదు.”

తను నమ్మేదేదో, నమ్మనిదేదో తనకంటే ఆ బండికే బాగా తెలుసని జగన్నాధం ఆరోజే గ్రహించాల్సింది. గొలుసు తుడిచి ఊరుకున్నాడు.

సాయంత్రానికి తాయారు ఎడమకాలు పొంగేది. రాడ్డు వేసినచోట ఎవరో లోపలనుంచి పట్టుకుని పిండుతున్నట్టుండేది. వేన్నీళ్ల గుడ్డ వేసుకుంటూ ఓరోజు అడిగింది, రమేష్‌బాబు సెప్పిందేదో పెట్టించీసుకుందామా బావా, కాలు లాగీస్తన్నాది అని. రేపు ఆడితో మాటాడతాన్లే అన్నాడు జగన్నాధం. ఆమె కూర్చున్న మంచం నులక చిటచిటలాడింది. ఆమె గుడ్డ మళ్లీ వేన్నీళ్లలో ముంచి పిండుకుంది.

పైగా అబద్ధాలు అరిగిపోతాయి. రోజూ వాడిన మాటకి తూకం తగ్గుతుంది. బజ్జీలకి నెమ్మదించే బండి కాస్తా బజ్జీలు, మిరపకాయలు, పునుగులు కలిపినా లొంగడం మానేసింది. అతను రోజుకొకటి పెద్దది వెతుక్కోవలసి వచ్చేది. బరువులు మోసేది ఆమె కాలే.

ఇదిలా ఉండగా అతనికి ఫోన్లు రావడం మొదలైంది. భీమిలి అవతల సముద్రపొడ్డున ఓ రొయ్యపిల్లల హేచరీలో మోటార్లు చూసుకోడానికి మనిషి కావాలి. గది ఇస్తారు, భోజనం పెడతారు. ఒక మనిషికి. ఫోను మోగగానే జగన్నాధం గేటు దాటి వెళ్లి, ములగచెట్టు దాటి, ఎదురింటివాళ్ల గడ్డివాము దాటి మాట్లాడేవాడు. ఆ ఇంటికొచ్చేవాళ్లందరికీ అది అలవాటే. తిరిగొచ్చాక ఎవరు ఫోనని తాయారు అడిగేది కాదు. అడిగితే అతను ఏదో చెప్పాలి. చెబితే ఆమె మొయ్యాలి.

కార్తీకమాసం వచ్చింది. ఆదివారాలు అరకు రోడ్డు కార్లతో, పిక్నిక్కు బస్సులతో నిండిపోతోంది. అలాంటి ఓ ఆదివారం పొద్దున్న, రాత్రి పడ్డ చినుకులకి రోడ్డు జిగురుగా ఉంది. మిట్ట మీద బండి బయలుదేరింది. సగం దిగేసరికి సైకిలు బ్రేకు రబ్బరు ఊడిపోయింది. జగన్నాధం స్విచ్చు కట్టేశాడు. కానీ డౌనులో బండికి మోటారుతో పనేముంది? అది తన దారిన తను ఉరికింది. కింద, మిట్ట అరకు రోడ్డుతో కలిసేచోట, ఓ పెద్ద బస్సు పాటలు పెట్టుకుని వస్తోంది.

“బజ్జీలు తిననేదు,” అన్నాడు జగన్నాధం. ఏమీ కాలేదు. “మీ అన్నంటే నాకు ప్రాణం.” చక్రాలు కొంచెం మూలిగాయి, అంతే. పని బాగున్నాదన్నాడు. తనకి ఆకలే వెయ్యదన్నాడు. ఈ బండి గురించి గర్వమే లేదన్నాడు. దీనికి మాత్రం బండి ఓ లిప్త తడబడింది గానీ, మళ్లీ అందుకుంది. బస్సు హారను మోగుతోంది. డ్రైవరు మొహం కనబడుతోంది. తాయారు రెండు చేతులతో తపేలా పట్టుకుని, అతను ఏదైనా అంటాడేమోనని చెవి వెనక్కి పెట్టి కూర్చుంది.

అయిపోయిందనుకున్నాడు జగన్నాధం. అయిపోయిందనుకున్నాక మనిషి అబద్ధం వెతకడు. పలక మీంచి ముందుకి వంగి, ఆమె చెవి దగ్గర, పెళ్లయిన కొత్తలో మాట్లాడినంత మెత్తగా అన్నాడు:

“భయపడకు తాయారూ. నిన్ను నానెప్పుడూ ఇడిసిపెట్టను.”

బండి ఆగిపోయింది.

తగ్గి ఆగడం కాదు. ఉన్నచోట ఉన్నట్టు ఆగింది. నాలుగు చక్రాలూ తారులోకి ఇరుసు దాకా దిగబడ్డాయి. బస్సు వాళ్ల ముందునుంచి బెత్తెడు ఎడంలో, రోడ్డంచు దిగి సాగిపోయి అల్లంత దూరాన ఆగింది. తపేలాలో అంబలి ఓసారి అంచుదాకా లేచి, మళ్లీ సర్దుకుంది.

తాయారు వెనక్కి తిరగలేదు. జగన్నాధం కిందకి దిగి గొలుసు చూడ్డం మొదలుపెట్టాడు. చాలాసేపు చూశాడు. అందులో చూడ్డానికేమీ లేదు.

సరిగ్గా రోడ్డు మధ్యన ఇరుక్కుంది బండి. అటు అరకు వెళ్లేవాళ్లు, ఇటు కోట వచ్చేవాళ్లు నిలిచిపోయారు. పదిమంది పట్టి లేపబోయారు. తాయారుని దింపబోయారు. ఆమె చెయ్యే ఎత్తలేకపోయారు. కాలవ పనిలో ఉన్న జేసీబీని పిలుచుకొచ్చారు. డ్రైవరు ధనరాజ్ తొండం బండి కింద దూర్చి లాగితే జేసీబీ వెనక చక్రాలు గాలిలోకి లేచాయి. అతను యంత్రం ఆపి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

“ఇది ఇనుముతో అయ్యే పని కాదండీ. ఆయమ్మకి ఎవరో గట్టిదే సెప్పారు. సెప్పినోల్లు వచ్చి ఎనక్కి తీసుకోండి, నా డీజిలు కాలిపోతన్నాది.”

అందరూ జగన్నాధం వైపు చూశారు. మర్నాడు తెల్లారేదాకా ఆగితే దానంతటదే దిగుతుంది గానీ, అరకు రోడ్డుని అంతసేపు ఎవరు ఆపుతారు? ట్రాఫిక్కు చూసే కానిస్టేబులు వచ్చి మర్యాదగానే చెప్పాడు, అదేదో ఒక్కమాట, చెప్పేసి పొమ్మని.

జగన్నాధం గొంతు సవరించుకుని బజ్జీలు తిన్నానన్నాడు. బండి దారప్పోగంత లేచింది. మీ అన్నంటే నాకు పడదన్నాడు. ఇంకో పోగు. ఫ్యాను రెగ్యులేటరు పనిచెయ్యదని పెట్టకముందే అనుమానం వచ్చిందన్నాడు. రేపు అంటే రేపు కాదన్నాడు. జనం బాగా వినడానికి దగ్గరికి జరిగారు. అతను చిల్లర తప్పులన్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టి ఒప్పుకున్నాడు, అడగనివి కూడా. చక్రాలు మాత్రం వేలెడైనా పైకి రాలేదు. ఇరుసు తారులోనే ఉంది.

ఈలోగా పిక్నిక్కు వాళ్లకి దాహం వేసింది. తాయారు గరిటె తీసి అంబలి పొయ్యడం మొదలుపెట్టింది. గరిటె ఆమెకి మామూలుగానే ఉన్నట్టుంది, మోచెయ్యి పైకి లేపడమే కష్టంగా ఉంది. వాళ్లు ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగి, ఆమె పక్కన నిలబడి ఫోటోలు తీసుకున్నారు.

సంగతి తెలిసి రమేష్‌బాబు వచ్చాడు. తాయారు వాడికీ ఓ లోటా పోసింది.

“ఎలాగూ బండి కదల్దు బాబూ. ఖాళీగా నిలబడ్డం ఎందుకు? ఆ తరిగేదేదో తెచ్చి బిగించీ.”

రమేష్‌బాబు బాబాయి వైపు చూశాడు. బాబాయి కొండల వైపు చూస్తున్నాడు. వాడు షెడ్డుకి వెళ్లి అరచేతిలో పట్టేంత డబ్బా, ఓ తిప్పుడు పిడీ తెచ్చి, రోడ్డు మీదే బోర్లా పడుకుని పని మొదలుపెట్టాడు. పిడి వెనక పలక దగ్గర పెట్టాలా అని అడిగాడు. నా కుడిచేతి కాడ పెట్టు అంది తాయారు. రెగ్యులేటరు ఊడదీసి జగన్నాధం చేతికిచ్చాడు. అతను దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

డబ్బా బిగించడం అయిపోయింది. అంబలి అడుగంటింది. హారన్లు కొట్టి కొట్టి అలిసిపోయి డ్రైవర్లు కూడా దిగి చెట్టు నీడల్లోకి పోయారు. అప్పుడు తాయారు మొదటిసారి వెనక్కి తిరిగింది.

“నాను అడగను బావా. అడిగితే ఇంకోటి సెప్తావు. నువ్వే సెప్పు.”

జగన్నాధం ఆమె కాలు వైపు చూశాడు. పొంగి, చర్మం మెరుస్తోంది. గొలుసు కంటే దాన్ని చూడ్డం అతనికి కష్టమైంది.

“భీమిలి కాడ పనున్నాది,” అన్నాడు. “గదిలో ఒక మనిషికే సోటు. నాను అటు ఎల్లి, నిన్ను మీ అన్నకాడ దింపీద్దామనుకున్నాను.”

బండి జానెడు లేచింది.

“అన్నకి తెలుసా?”

“తెలుసు. అనుకోడమేలే. ఇంకా ఏటీ ఖాయం కానేదు.”

బండి మళ్లీ బెత్తెడు దిగబడింది. తాయారు పళ్లు బిగించి తొడ పట్టుకుంది. జగన్నాధం కళ్లు మూసుకున్నాడు.

“వరికోతలు అవ్వగానే అని ఖాయం సేసుకున్నాం. వసారాలో మంచం కూడా ఏయించీసాడు.”

తారు విడిచిన చప్పుడు మెత్తగా వినబడింది. నాలుగు చక్రాలూ పైకొచ్చి రోడ్డు మీద నిలబడ్డాయి. తాయారు భుజాలు దిగాయి. చాలాసేపటి తర్వాత పూర్తిగా ఊపిరి పీల్చుకుంది. జేసీబీ మీద కూర్చున్న ధనరాజ్ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

“పొద్దున్న నా సెవిలో అన్నది,” అందామె, “ఆపడానికి అన్నావా?”

“కాదు,” అన్నాడు జగన్నాధం. “నిజమనుకునే అన్నాను.”

ఆమె ఎదురుచూసింది. బండి కదల్లేదు, కుంగలేదు. ఆమెకి అదే ఎక్కువ నొప్పి అనిపించినట్టుంది. కాసేపు తపేలా అంచు తుడుస్తూ కూర్చుంది.

“ఇడిసిపెట్టడానికైతే ఇంత బరువు అక్కర్నేదు బావా,” అంది. “సెప్పుంటే సరిపోయేది.”

కుడిచేతి దగ్గర పిడి కొంచెం తిప్పింది. మోటారు తేనెటీగలా సన్నగా మూలిగింది. బండి కదిలింది. కుదుపు లేదు, ఉరుకు లేదు. ఇంకొంచెం తిప్పి చూసింది, మళ్లీ తగ్గించింది. జనం పక్కకి తప్పుకున్నారు. బండి సంత వైపు మళ్లింది.

ఎంత నెమ్మదిగా వెళ్లిందంటే, పసిపిల్లాడైనా పక్కన నడవొచ్చు. హీటరు చుట్టతో, రెగ్యులేటరుతో, అన్నేసి అబద్ధాలతో జగన్నాధం వెతికిన వేగం సరిగ్గా అదే. రా అని ఆమె అనలేదు. రావద్దనీ అనలేదు. పెద్ద అంగలు కూడా అక్కర్లేదు, మామూలుగా నడిస్తే కలుసుకుంటాడు. అతను ఒక అడుగు వేశాడు. వెనకనుంచి బస్సు హారను కొట్టింది. దారివ్వడానికి రోడ్డు పక్కకి జరిగి, బస్సు వెళ్లాక ఇంకో బస్సుకి, దాని వెనక కార్లకి దారిస్తూ అక్కడే నిలబడ్డాడు. పొద్దుట్నుంచి ఆగిన బళ్లు కదా, చాలానే ఉన్నాయి.

ఆ సాయంత్రం బండి మిట్ట ఎక్కలేదు. సంత వెనక సందులో రాజకుమారి ఇంటి ముందు ఆగింది. ఇప్పటికీ రాత్రిళ్లు అక్కడే ఛార్జింగు పెడతారు. తాయారు రోజూ తన మలుపుకి తనే వస్తుంది, తనే పోతుంది. కాలు పొంగడం తగ్గింది. నవ్వడం కూడా తగ్గిందని రాణి అంటుంది. చీపురుపల్లి వసారాలో వేసిన మంచం మీద గణపతిరావు మిరపకాయలు ఆరబోశాడు. కోతలయ్యాక జగన్నాధం భీమిలి వెళ్లాడు. హేచరీలో మోటార్లన్నిటికీ కంపెనీవాడు పెట్టిన కంట్రోలర్లున్నాయి, అతను చెయ్యి పెట్టాల్సిన పనిలేదు. ఫోను ఇప్పుడు గదిలోనే కూర్చుని మాట్లాడతాడు. ఏం మాట్లాడినా అక్కడ బరువెక్కేవాళ్లు ఎవరూ లేరు.

అంత నెమ్మదిగా వెళ్లే మనిషి పక్కకి వెళ్లి ఎలా నడవాలో ఆ రోజు అతనికి తెలీలేదు. రాసినవాణ్ణి గనక నాకైనా తెలిసుండాలి. నాకూ తెలీదు.